మా బిల్డింగు ఇరవై నాలుగ్గంటల వార్తలు

మేమెన్నడూ కాలు పెట్టని ఒక ఊళ్ళో పొద్దున ఆఫీసుల వేళ ఏ రోడ్డు మీద కార్లు ఆగిపోతాయో నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఆ ఊరు కెనడాలో ఉంది. మేమున్నది సౌదీ అరేబియాలో, అల్ ఖోబర్‌లో. ఈ రెంటికీ ముడి వేసినవారు మా ఆయన. రెండువేల దశకం చివరి రోజులవి. ఆయన ఆఫీసులో సగంమంది ఇంజనీర్లు కెనడాకి దరఖాస్తు పెట్టుకుని కూర్చున్నారు. ఈయనా పెట్టారు. పెట్టి ఊరుకోవచ్చు కదా, వెళ్ళేలోగా ఆ ఊరు మొత్తం తెలిసిపోవాలంటూ అక్కడి లోకల్ న్యూస్ చానల్ ఒకటి తెచ్చి మా హాల్లో కంప్యూటర్ మీద రోజంతా మోగించడం మొదలుపెట్టారు. చివరికి మేం కెనడా వెళ్ళనే లేదు, అది వేరే గోల. చానల్ మాత్రం మా ఇంట్లో కాపురం పెట్టేసింది.

దాన్ని తెచ్చిన విధానం కూడా చెప్పుకోవాలి. ఈయనతో పనిచేసి ముందే ఆ ఊరు చేరిపోయిన స్నేహితుడొకాయన తన టీవీకి ఏదో డబ్బా తగిలించాడట. దాని పాస్‌వర్డ్ కొడితే వాళ్ళింటి టీవీలో వచ్చేది మా కంప్యూటర్లో వస్తుంది. అందుకని అక్కడ ఆయన భార్య చానల్ మార్చినప్పుడల్లా ఇక్కడ మా వార్తలు కాస్తా వంటల కార్యక్రమం అయిపోయేవి. మా ఆయన తల పట్టుకునేవారు. నాకు అదొక్కటే వినోదం.

మొదట్లో ఆ చానల్ చూస్తే ఒళ్ళు మండేది. తెర మీద మనిషికి చోటే ఉండదు. పాపం వార్తలు చదివే అమ్మాయి ఒక మూల చిన్న గడిలో ఇరుక్కుని ఉంటుంది. మిగతా అంతా అంకెలు. టైము, చలి ఎంత, రేపు ఎంత, ఎల్లుండి ఎంత, ఏ వంతెన మీద కారు చెడిపోయింది, కింద పరిగెత్తే అక్షరాలు. ఇరవై నాలుగ్గంటలూ ఇదే. ఒకసారి ఒక ఉడుత కరెంటు స్తంభమెక్కి ఏదో కొరికింది, మూడు వీధులకి కరెంటు పోయింది. ఆ రోజంతా అదే వార్త. పది నిమిషాలకోసారి "ఇప్పుడే అందిన సమాచారం" అంటారు. ఉడుత ఎక్కిన స్తంభం చూపిస్తారు. ఉడుతని చూసినాయన్ని పట్టుకొచ్చి మాట్లాడిస్తారు. మా కాకినాడ వైపు కరెంటు పోతే ఫ్యూజు సంగతి చూడమని పక్కింటికి ఒక కేక వేసి విసనకర్ర అందుకుంటాం, అంతే.

అయితే మూడు రోజులు పోయాక, ఆ ఉడుత చచ్చిందా బతికిందా అని నేనే కూర లోంచి గరిటె తీసుకుని హాల్లోకి వచ్చి నిలబడుతున్నాను. అప్పుడర్థమైంది నాకు వీళ్ళ కిటుకు. కబురు ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, గొంతులో తొందర ఉండాలి, మళ్ళీ మళ్ళీ చెప్పాలి, చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క కొత్తగా కలపాలి. ఈ విద్య మాకు పుట్టుకతోనే వచ్చు కదా అనుకున్నాను.

మాది లిఫ్టు లేని నాలుగంతస్తుల పాత బిల్డింగు. గాలి తిరిగితే సముద్రం వాసన వస్తుంది గానీ సముద్రం కనపడదు. మేము మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. మొదటి అంతస్తులో కరీంనగర్ ఆవిడ, వాళ్ళాయనా ఇంజనీరే. ఇద్దరం ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళం. ఆవిడ వంటింటి కిటికీ సరిగ్గా వీధి మీదకి ఉండేది. కింద వాటాలో ఇంటి ఓనరు తల్లి ఉండేది. ఓనరు వేరే ఇంట్లో ఉంటాడు, సాయంత్రం ఒక్కసారి వచ్చి తల్లికి మొహం చూపించి వెళ్తాడు. ఆవిడ దగ్గర పనిచేయడానికి కడప నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని. అక్కడ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు యజమానురాలిని 'మామా' అంటారు. అలా ఆ ముసలావిడ అక్కకి మామా, తర్వాత మా అందరికీ మామానే అయింది.

మామాకీ నాకూ వైరం వడియాల దగ్గర మొదలైంది. ఖోబర్ ఎండలో పొద్దున పెట్టిన వడియాలు మధ్యాహ్నానికల్లా గలగలలాడతాయి. అలాంటి ఎండని వృథా పోనివ్వడం నా వల్ల కాదు. మేడ మీద పాత దుప్పటి పరిచి గుమ్మడి వడియాలు పెట్టాను. మామా ముంగిట్లో కూర్చుని తలెత్తి చూస్తే పిట్టగోడ మీద నుంచి దుప్పటి కొస కనబడిందట. మామా మోకాళ్ళు మెట్లెక్కవు గానీ ఆవిడ మాట ఎక్కుతుంది. వాచ్‌మన్ పైకి వచ్చి, ఇవేవో పావురాల రెట్టలనుకుని మొత్తం ఊడ్చి పారేశాడు. ఆ రోజు నేను ఏడ్చాను. వడియాల కోసం ఏడ్చిందేమిటని మా ఆయన నవ్వారు, ఆయనకి వారం రోజులు చారూ అన్నమే పెట్టాను.

అందుకని మామా ఏ రోజు ముంగిట్లోకి వస్తుందో, ఏ రోజు రాదో ముందే తెలియాల్సిన అవసరం పడింది. ఇక్కడే మా ఇంటర్‌కమ్ సంగతి చెప్పాలి. ప్రతి వాటాలోనూ తలుపు పక్కన గోడకి ఒక తెల్ల రిసీవరు ఉండేది, వీధి గేటు దగ్గర ఎవరన్నా వస్తే మాట్లాడ్డానికి. ఆ వైర్లు ఏ మహానుభావుడు కలిపాడో గానీ, ఎవరు ఎత్తి మాట్లాడినా ఎత్తిన అందరికీ వినిపించేది. అందరూ అది చెడిపోయిందనేవారు. నాకు మాత్రం అది చానల్‌లా కనిపించింది.

అక్కకీ వదినకీ ముందే చెప్పిపెట్టి, ఒక పొద్దున, మా ఆయన ఆఫీసుకి వెళ్ళగానే, రిసీవరు ఎత్తి, కెనడా అమ్మాయి గొంతు పెట్టి, "నమస్కారం. సమయం తొమ్మిది గంటలు. ముందుగా వాతావరణం. కింది వాటా నుంచి మా ప్రతినిధి" అన్నాను.

అక్క వంటింటి రిసీవరులో గొంతు తగ్గించి చెప్పింది. "ఏం చెప్పేది మా, మోకాలు నొప్పని రాత్రంతా నిద్ర పోల్యా. ఈ పొద్దు మంచం దిగదు. నువ్వు పోయి ఎండబెట్టుకో."

"ఇక ట్రాఫిక్" అన్నాను.

మొదటి అంతస్తు నుంచి వదిన అందుకుంది. "వాచ్‌మన్ బయటికి పోయిండు. మంచినీళ్ల ట్యాంకర్ అడ్డం వెట్టిండ్రు, గాయన ఇప్పట్ల రాడు. మెల్లగ ఎక్కు వదినా, నా మిరపకాయలు గూడ పట్కపో."

అలా మొదలైంది మా చానల్. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పెద్ద బులెటిన్. మా సాయంత్రం కెనడాలో పొద్దున కాబట్టి, ఆ వేళకి హాల్లో ఆ అమ్మాయి చదువుతుండేది, తలుపు దగ్గర నేను చదువుతుండేదాన్ని. మధ్యలో ఏ వేళ కబురు తగిలితే ఆ వేళ బ్రేకింగ్ న్యూస్. పై అంతస్తు ఈజిప్టు ఆవిడ రెండుసార్లు ఎత్తి, మా భాష విని, దేవుణ్ణి తలుచుకుని పెట్టేసింది. ఆ తర్వాత లైను పూర్తిగా మాదే.

అక్కని ఒక్కటే అడిగాను, "మామా హాల్లో కూడా రిసీవరు ఉంది కదా అక్కా, వింటే?"

"అది సచ్చి యేండ్లాయ మా. దుమ్ము తుడిచేది నేనే గదా, నాకు తెల్దా?" అంది.

మా ట్రాఫిక్ విభాగం కెనడా వాళ్ళని మించిపోయింది. వదిన కిటికీ దగ్గర కూరగాయలు తరుగుతూ ఎవరి ఆయన కారు ఎప్పుడొచ్చింది, చేతిలో సంచి ఉందా లేదా, మొహం ఎలా ఉందీ అన్నీ చెప్పేసేది. "మీ సార్ దిగిండు వదినా. చేతులు ఖాళీగనే ఉన్నయి. కొత్తిమీర మర్సిండు" అనేది. ఆయన మూడంతస్తులూ ఎక్కి బెల్లు కొట్టేలోగా నేను తలుపు తీసి, "కొత్తిమీర మర్చిపోయారు, మళ్ళీ దిగండి" అనేదాన్ని.

"నీకెలా తెలుసు?" అని గుడ్లు తేలేసేవారు.

"అంత దూరంలో వంతెన మీద కారు ఆగితే మీకు తెలుస్తోంది కదా, ఇది తెలియడం ఎంతసేపు?" అనేదాన్ని.

పాపం ఆయన చాలాకాలం నాకేదో దివ్యదృష్టి ఉందనుకున్నారు. ఆఫీసులో కూడా చెప్పుకున్నారట. నేను కాదనలేదు.

ఎండలు తగ్గుముఖం పట్టాక మా చానల్‌కి నిజమైన వార్త దొరికింది. అక్క కూతురు కడపలో ఏడో నెల గర్భిణి. తొలి కాన్పు. అక్క వచ్చి నాలుగేళ్ళయింది, ఒక్కసారి కూడా సెలవు మీద వెళ్ళలేదు. "కాన్పుకి నేను లేకపోతే అది భయపడి సస్తాది మా. నా బిడ్డకి నేను తప్ప ఎవురుండారు?" అని ఇంటర్‌కమ్‌లోనే ఏడ్చింది. సెలవు మీద వెళ్ళి తిరిగి రావాలంటే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ రీ-ఎంట్రీ పడాలి, అది కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, వేయించాలి. కాగితాల మీద కఫీల్ కొడుకు. ఆయన్ని అడిగితే మా అమ్మనడుగు అంటాడు. అమ్మనడిగితే "బుక్రా, ఇన్షా అల్లా" అంటుంది. బుక్రా అంటే రేపు. ఆ రేపు ఎన్ని రేపులు గడిచినా రాదు.

నాకు మామా మీద పాత కోపం ఉండనే ఉంది. వడియాలు ఊడ్పించిన మనిషి ఇప్పుడు కన్నతల్లిని కాన్పుకి వెళ్ళనివ్వడం లేదు. చానల్ మొత్తం ఈ ఒక్క పనికే పెట్టేశాను. మామా మనసు ఎప్పుడు బాగుంటే అప్పుడు అక్క అడగాలి, ఆ సమయం కనిపెట్టడం మా వాతావరణ శాఖ పని. మామా ఏం తిన్నది, ఎవరితో ఎంతసేపు మాట్లాడింది, ఎప్పుడు నవ్వింది, అన్నీ పూట పూటకీ ప్రసారమయ్యేవి.

మొదట శుక్రవారం మధ్యాహ్నం అనుకున్నాం. శుక్రవారం కూతుళ్ళూ మనవలూ అందరూ వస్తారు, ఇల్లంతా సందడి, కబ్సా అనే మాంసం పులావు వండి పెద్ద పళ్ళెంలో పోసుకుని చుట్టూ కూర్చుంటారు. వాళ్ళు వెళ్ళగానే సంతోషంగా ఉంటుంది, అడుగు అని నేనే ఊదరగొట్టాను. అక్క అడిగింది. మామా చేతిలో జపమాల పక్కన పెట్టి అంతెత్తున లేచింది. ఆ సాయంత్రం బులెటిన్‌లో "ఉదయం నుంచి నిర్మలంగా ఉన్న ఆకాశం అకస్మాత్తుగా దుమారంగా మారింది. కారణాలు తెలియరాలేదు" అని చదివాను.

తర్వాత తీపితో లొంగదీద్దామనుకున్నాం. నేను కాజాలు చేసి పంపాను. మా వైపు కాజా అంటే ఆషామాషీ కాదు, పాకం లోపలికంటా పట్టాలి. మామా తిని, బాగుందని కబురు పంపి, పళ్ళెం ఖాళీగా పంపకూడదని నిండా ఖర్జూరాలు పోసి పంపింది. సెలవు సంగతి అడిగితే మళ్ళీ బుక్రానే.

వదినకి ఓపిక తక్కువ. "గిట్ల అడుక్కుంటె ఇయ్యరు వదినా. రెండు దినాలు పని బంద్ వెడ్తె అప్పుడెర్కైతది" అంది.

"నీకేం, నీ ఇల్లు నీది. నేను బందు పెడితే నన్ను యాడ పెడ్తారో" అంది అక్క.

రోజులు దగ్గరపడుతున్నాయి. అక్క గొంతులో దిగులు పెరిగినకొద్దీ నా బులెటిన్లలో కారం పెరిగింది. ఒక సాయంత్రం అక్క ఫిర్యాదు చేసింది, మామా టీ గ్లాసు గోడకేసి కొట్టిందట. ఇక నన్ను ఆపేదెవరు? కెనడా వాళ్ళ ఉడుత కంటే ఇది పెద్ద వార్త కదా. పది నిమిషాలకోసారి ఎత్తాను. "బ్రేకింగ్ న్యూస్. కింది వాటాలో గ్లాసు విసిరివేత." మళ్ళీ ఎత్తాను. "ఇప్పుడే అందిన సమాచారం. గ్లాసు రెండు ముక్కలు కాదు, నాలుగు ముక్కలు." వదిన పడీ పడీ నవ్వుతోంది. మూడోసారి ఎత్తి, "ఈ దుమారం ఎంతకాలం సాగుతుందో చెప్పలేమని నిపుణుల అభిప్రాయం" అంటూండగా లైనులో ఇంకో గొంతు వినిపించింది.

"ల్యా. పారెయ్యల్యా. జారింది."

గొంతు ముసలిది. మాట కడప మాట. యాస మాత్రం గొంతు లోపల్నుంచి వచ్చే అరబ్బీ యాస.

"చెయ్యి వణుకుతాది. గ్లాసు జారింది. పారేసిందని నీకెవురు చెప్పినారు?" అంది మామా.

వదిన నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"పైకి నేను రాలేను. నువ్వు కిందికి రా. ఆ రెండోదాన్ని గూడా పిలుచుకుని రా" అని పెట్టేసింది.

తర్వాత ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. అక్క నాలుగేళ్ళలో నేర్చుకున్న అరబ్బీ అంతా కలిపితే ఒక గుప్పెడు. మామాకి కాళ్ళు ఒత్తుతూ, తల దువ్వుతూ, పొద్దస్తమానం తన భాషలోనే మాట్లాడేది. మాట్లాడేవాళ్ళు వేరే లేక మామా అదే నేర్చుకుంది. ఈ సంగతి అక్కకి కూడా ఎప్పుడూ తట్టలేదట. చచ్చిపోయిందనుకున్న హాల్లో రిసీవరు కూడా బాగానే బతికి ఉంది. అక్క దాన్ని తుడిచేది గానీ ఎప్పుడూ చెవి దగ్గర పెట్టుకుని చూడలేదు.

నేను చున్నీ సర్దుకుంటుంటే, అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయనకి విషయం చెప్పక తప్పలేదు. కొత్తిమీర రహస్యం కూడా అప్పుడే బయటపడింది. ఆయన మొహం పాలిపోయింది. "ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం? దివ్యదృష్టి అనుకున్నానే!" అన్నారు. ఈ రెంటిలో దేనికి ఎక్కువ బాధపడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు.

కిందికి వెళ్ళాం. మామా తివాచీ మీద దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కనే గోడకి రిసీవరు. అక్క తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. మామా మా ఇద్దరికీ చిన్న చిన్న కప్పుల్లో గహ్వా పోయించింది. తిట్లు తినడానికి వెళ్ళినవాళ్ళకి కాఫీ ఇస్తే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"నీ వార్తలు అబద్ధం" అంది నన్ను చూసి. కొంత అరబ్బీ, కొంత కడప. తెలియని చోట అక్క మాట అందించింది. "దినమూ చెప్తావు, ఈ పొద్దు కోపం, రేపు కోపం. ఎందుకు కోపమో ఒక్క దినం చెప్పినావా?"

"మాకు తెలియలేదు మామా" అన్నాను.

"అడిగితే తెలుస్తాది. ఆ శుక్రవారం పిల్లలు వచ్చినారు. తిన్నారు. ఒకరి మొకం ఒకరు చూడల్యా, అందరూ చేతిలో ఫోన్లు చూసుకున్నారు. పొద్దు గుంకి మగ్రిబ్ నమాజు కాకముందే పోయినారు. అప్పుడే ఇది వచ్చి, నేనూ పోతా అనింది. నువ్వేమన్నావు? కారణం తెల్దు అన్నావు."

వదిన కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ ముసలావిడని మేము ఒక కార్టూను బొమ్మ చేసి ఆడుకున్నాం, ఆవిడ అన్నీ వింటూ మా పక్కనే కూర్చుని ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మరి వింటూ ఎందుకూరుకున్నారు? మొదటిరోజే తిట్టి ఆపెయ్యొచ్చు కదా?" అన్నాను చివరికి.

"ఆపేస్తే నాకు ఏముండాది?" అంది మామా. "అసర్ కాంగానే ఎత్తుకుని కూర్చుంటా. నువ్వు ఆలస్యం చేస్తే తిట్టుకుంటా."

ఇంతలో వదిన నా మోచేతిని పొడిచింది. అంత దాకా వచ్చాక అడగకపోతే ఇక అడగలేం. "మామా, అక్క సెలవు..." అన్నాను.

మామా అక్క వైపు తిరిగింది. "ఇది పోతే నాతో ఎవురు మాట్లాడతారు? నా కొడుకు మాట్లాడతాడా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. అక్క గోడకి చేరబడి ఏడవడం మొదలుపెట్టింది.

"ఏడుపు ఆపమను. వార్తలు నిలపకూడదు. ఇది లేకపోయినా దినమూ చెప్పాల" అంది మామా నాతో. చెప్తామన్నాం. "కారణం గూడా చెప్పాల" అంది. సరేనన్నాం. అప్పుడు జపమాల చేతిలోకి తీసుకుని, "బుక్రా" అంది.

మెట్లెక్కుతూ వదిన తల కొట్టుకుంది. "మళ్ల గదే మాట. ఎన్ని చెప్పినా బుక్రానే" అంది. నేనూ అదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున రిసీవరు చెవికి ఆనించుకుని ఉన్నానేమో, వదిన ఇంటర్‌కమ్‌లో అరిచిన అరుపుకి నా రెండో చేతిలో పాలగిన్నె ఒలికింది. "ఓనర్ కారొచ్చింది! పొద్దుగాల్నే వచ్చింది! అక్క పాస్‌పోర్ట్ పట్కొని పోతున్నడు వదినా, గాయన చేతిల ఉన్నది, నేను సూస్తున్న!" ఆ ట్రాఫిక్ వార్త అంత బాగా కెనడాలో ఎవరూ చదివి ఉండరు. మామా నోట బుక్రా నిజంగా మర్నాడే అవడం మా బిల్డింగు చరిత్రలో అదే మొదలు.

రీ-ఎంట్రీ గడువు కూడా చాలా ఉదారంగా వేయించింది. అక్క వెళ్ళిన రోజు మామా గేటు దాకా రాలేదు. లోపల్నుంచి, చక్కెర డబ్బా ఎక్కడ పెట్టిచచ్చావంటూ అరుస్తూనే ఉంది. ఆ డబ్బా ఆవిడ పక్కనే ఉందని అక్క కారెక్కుతూ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

మాట ఇచ్చాను కాబట్టి రోజూ చెప్పాను. మొదట్లో బాధ్యతగా, తర్వాత అలవాటుగా. మామా కూడా ఇప్పుడు దాగకుండా మాట్లాడేది. మోకాలు ఎలా ఉంది, ఒంట్లో చక్కెర ఎంత, కొడుకు ఎంతసేపు కూర్చున్నాడు, వాతావరణం ఆవిడే చెప్పుకునేది. నా వార్తల్లో తప్పులు పట్టేది. వడియాల గురించి కూడా ఒకరోజు అడిగింది, అవి తినేవని తనకి తెలియదట. వేయించి పంపాను. పళ్ళు లేక వడియం చప్పరించి చప్పరించి తిన్నదని వాచ్‌మన్ చెప్పాడు. నాకు ఆవిడ మీద కోపం ఎప్పుడు పోయిందో సరిగ్గా చెప్పలేను గానీ, ఆ రోజుకి లేదు.

చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కడప నుంచి ఫోను. అక్క. ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైందట, కూతురు ఇంకా లేచి తిరగడం లేదు. ఆ కబురంతా చెప్పాక అక్క అసలు సంగతి ఎత్తింది.

"మామాని ఒక మాట అడుగు మా. అల్లుడు మిల్లులో పనికి కుదిరినాడు, ఇల్లు గడుస్తాది. ఈడ ఉంటే బిడ్డకి బాగుంటాది. అయినా ఆమె రమ్మంటే వస్తా. రీ-ఎంట్రీ ఇంకా ఉండాది. ఆమె ఏమంటే అది. నేనే ఫోను చేసి అడిగితే ఏడ్చేస్తా, అందుకే నిన్ను అడగమంటాండా."

ఫోను పెట్టి చాలాసేపు సోఫాలోనే కూర్చుండిపోయాను. ఈ కబురు ఎలా చదవాలి? అసర్ అయింది. తలుపు దగ్గరికెళ్ళి రిసీవరు ఎత్తాను. చిన్న చప్పుడు కూడా లేదు. కిటికీలోంచి కేకేసి కింద వాచ్‌మన్‌ని అడిగితే, ఓనరు మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్‌ని తెచ్చి బిల్డింగు మొత్తం వైర్లు బాగు చేయించాడట. ఇక ఎవరి రిసీవరు వాళ్ళకి, గేటుకి, అంతే. తల్లికి సాయం చేశాననుకున్నాడు పాపం. నాకు నిజం చెప్పాలంటే కాస్త ఊరటే అనిపించింది. ఇవాళ్టికి చెప్పక్కర్లేదు, రేపు దిగి వెళ్ళి మెల్లగా చెప్పొచ్చు అనుకున్నాను.

అరగంటకి తలుపు చప్పుడైంది. తీస్తే మామా. మూడంతస్తులు. వాచ్‌మన్ ఒక పక్క మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు, ఇంకో చేత్తో ఆవిడ గోడ పట్టుకుంది. ఊపిరి అందడం లేదు. కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. వాచ్‌మన్ మెట్ల మీద కూలబడ్డాడు.

హాల్లో కంప్యూటర్ మీద కెనడా చానల్ నడుస్తోంది. ఒక బండి రోడ్డు మీద మంచు తోస్తూ పోతోంది. మామా దాన్నే చూసింది.

"ఇదేంది?" అంది.

"ఒక ఊరి వార్తలు మామా. పొద్దస్తమానం చెప్తూనే ఉంటారు."

"ఎవురు సచ్చినారు?"

"ఎవరూ చావలేదు. మంచు పడింది."

"దినమూ పడతాదా?"

"చలికాలమంతా పడుతుంది."

"అయితే ఎందుకు చెప్పేది?" అని చెయ్యి విసిరేసింది. "మనదే మేలు. అది ఆపు. మన వార్తలు చెప్పు."

ఆపాను. ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. ఇన్నాళ్ళూ గోడ వైపు తిరిగి ఏ మొహమూ చూడకుండా ఎన్ని కబుర్లు చదివానో. అక్క మాటల్ని కాస్త మార్చి చెప్దామా, రావాలనే ఉంది గానీ కుదరడం లేదట అందామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ పని చెయ్యబుద్ధి కాలేదు. అక్క చెప్పింది చెప్పినట్టే చెప్పాను. ఆడపిల్ల, కష్టమైన కాన్పు, అల్లుడి పని, ఉంటే బాగుంటుందన్న మాట, రమ్మంటే వస్తానన్న మాట.

మామా వినీ విననట్టు ఆపేసిన కంప్యూటర్ వైపే చూస్తూ ఉంది. తర్వాత, "పిల్ల ఎవురి మాదిరి ఉండాదంట?" అని అడిగింది.

"అక్క పోలికేనట."

"అయితే నోరు పెద్దది. ఆ ఇంట్లో ఎవురికీ నిద్ర ఉండదు" అని నవ్వింది. నవ్వుతూనే నల్ల అబాయా అంచుతో కళ్ళు ఒత్తుకుంది. నేను లేచి దగ్గరికి వెళ్ళబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి దించి, "ఉండమని చెప్పు" అంది.

"ఆలోచించుకుని రేపు చెప్పండి మామా, తొందరేం లేదు."

"రేపు వద్దు. ఇప్పుడే చెప్పు. ఉండమను. మళ్ళా నన్ను అడగొద్దని గూడా చెప్పు. మళ్ళా అడిగితే రమ్మంటా" అంది.

నేను అప్పుడే కడపకి ఫోను కలిపాను. మామా స్పీకరు పెట్టమని సైగ చేసింది. మామా ఉండమందని అక్కకి చెప్పాను. అక్క ఏడుస్తూ, నవ్వుతూ చాలాసేపు మాట్లాడింది. వెనక పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. "మామా ఎట్లుండాది మా? కోపంగా ఉండాదా?" అని అడిగింది. నేను మామా వైపు చూశాను. ఆవిడ, తను అక్కడున్నట్టు చెప్పొద్దని వేలు పెదవుల మీద పెట్టుకుని, ఫోను మీదకి వంగి చివరిదాకా వింది.